అప్పు అను సంకెల

మన దేశమున 1976వ సంవత్సరమున వెట్టిచాకిరి నిర్మూలన చట్ట మొకటి వెలువడినది. చట్టములు సామాన్యముగా న్యాయవాదులకే గాని తక్కినవారికి కొఱకరాని కొయ్యలు. అయినను ఈ చట్టమునందు కోనసీమ రైతు గాని, కూలి గాని విని వెంటనే గ్రహింపగల పంక్తి యొకటి కలదు. దేశములోని నానాప్రాంతములయందు వెట్టి ఏయే పేర్లతో సాగినదో తెలుపుచు ఆ చట్టము ముప్పది పేర్లను వరుసగా పేర్కొన్నది. ఆ వరుసలో భగేల యున్నది, జీత యున్నది, వెట్టి యున్నది. వానితోపాటు పాలేరు అను మాటయు నున్నది.

అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని పాలేరన్న మాట ఎఱుగనివా రుండరు. అరక దున్నుటకు, నీరు కట్టుటకు, పశువులను మేపుటకు, కుప్ప నూర్చుటకు సంవత్సరమునకు కుదుర్చుకొనిన పనివాడు పాలేరు. పాలేరుతన మెల్ల వెట్టియే యని చట్టము చెప్పలేదు. కుదిరిన జీతము పుచ్చుకొని, సంవత్సరము నిండగనే తన యిష్టము వచ్చిన చోటికి పోగలవాడు స్వతంత్రుడే. అప్పు తీఱలేదను కారణమున పోలేనివాడు మాత్రము స్వతంత్రుడు కాడు. ఈ భేదమును గ్రహించుటకు ప్రభుత్వములకును, ప్రపంచ దేశములకును నూఱేండ్లకు పైగా పట్టినది. గోదావరి సాగరసంగమమున నిలిచి చూచినచో ఆ చరిత్ర మనకు తేటగా కనబడును.

మొదట 1843వ సంవత్సరమును తీసికొందము. ఆ యేట ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము బానిసత్వమును గూర్చి అయిదవ చట్టమును చేసెను. మనుష్యుడు మనుష్యుని ఆస్తిగా కలిగియుండు హక్కును ఇకమీదట న్యాయస్థానములు గుర్తింపవని దాని సారాంశము. బానిసను అమ్మి బాకీ రాబట్టుకొనుటకు గాని, వెళ్లిపోయినవానిని కోర్టు మూలమున తెప్పించుకొనుటకు గాని అంతటితో వీలు లేకపోయెను. ఇది గొప్ప మార్పే. కాని ఆ చట్టము యజమాని చేతిలోని హక్కును తీసివేసినదే గాని, పనివాని చేతిలో గుప్పెడు గింజలైనను పెట్టలేదు. సెంటు భూమి లేనివాడు మఱునాటి యుదయమున మఱల ఆ కామందు వాకిటనే నిలువవలసి వచ్చెను.

ఆ కాలమున గోదావరి మండలము స్థితియు దుర్భరముగా నుండెను. 1832-33 సంవత్సరముల కఱవు తీరప్రాంతముల నూపివేసినది. 1839 నవంబరు 25వ తేదీని వచ్చిన తుపాను కోరంగి రేవును ముంచివేసినది. ధవళేశ్వరము ఆనకట్ట అప్పటికింకను లేదు. నదిలో నీరు సముద్రము పాలగుచుండగా ఒడ్డున నున్నవారు ఆకలితో నుండిరి.

ఇట్టి సమయముననే సముద్రము మీదినుండి పిలుపు వచ్చినది. బ్రిటిషు సామ్రాజ్యమునందు బానిసత్వమును రద్దు చేయుచు 1833లో చట్టము చేయబడగా, ద్వీపాంతరములలోని చెఱకుతోటల యజమానులకు పనివారు కరవైరి. ఆ లోటును తీర్చుటకు ఒడంబడిక కూలీల పద్ధతి పుట్టినది. గౌతమి సంగమము చెంతనున్న కోరంగి రేవునుండి తెలుగువారు మారిషసు ద్వీపమునకు ఓడలెక్కిరి. అందువలననే ఆ దేశమున తెలుగువారికి కోరంగీలను పేరు కలిగినది. కోరంగికి చేరువనున్న ఫ్రెంచివారి యానామునుండి 1828-29 ప్రాంతముననే కొందఱు తెలుగు కూలీలు రెయూనియను ద్వీపమునకు పంపబడియుండిరి.

ఈ కూలీలు బానిసలు కారు. వారు కాగితముపై వ్రేలిముద్ర వేసి పోయినవారు. కాని ఆ కాగితమున నేమున్నదో చదువగలిగినవారు వారిలో నెందఱు? ముందుగా కొంత సొమ్ము పుచ్చుకొని ఓడ యెక్కినవాడు గడువు తీఱువఱకు తోట విడిచిపోరాదు. మారిషసున ఒకదినము పనికి రానివానికి రెండుదినముల కూలి కోతపెట్టు ఆచారము చాలకాలము సాగెను. ఈ సంగతులు బయటపడి ఆందోళన కలుగగా ప్రభుత్వము 1839లో కూలీల యెగుమతిని నిషేధించెను. తోటల యజమానుల యొత్తిడిచే 1842లో మారిషసునకు మఱల అనుమతి యిచ్చి, పర్యవేక్షణ కొఱకు అధికారులను నియమించెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, ఈ కూలీల చేర్పు నిలిపివేయబడెను. 1834 మొదలు 1920 వఱకు మారిషసులోని పోర్టులూయీ రేవున దిగిన భారతీయులు దాదాపు నాలుగున్నర లక్షలమంది. వారు దిగిన ఆ మెట్లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

ఇక మన గడ్డమీద జరిగినదానిని చూతము. 1847 మొదలు 1852 వఱకు కాటనుదొర యాజమాన్యమున ధవళేశ్వరమున ఆనకట్ట కట్టబడెను. వైనతేయ నదిమీద గన్నవరమున నలువదితొమ్మిది కమానుల అక్విడక్టు నిర్మింపబడి, నాగరపులంకకు కాలువనీరు చేరెను. కోనసీమ పచ్చబడినది. నీరు వచ్చినతోడనే నీటిని కాపాడవలసిన బాధ్యతయు వచ్చినది. 1858లో మద్రాసు రాజధాని కొఱకు నిర్బంధ శ్రమ చట్టమను పేరనే ఒక చట్టము చేయబడెను. చెఱువుగట్టులు గాని, కాలువగట్టులు గాని తెగు ప్రమాదము కలిగినప్పుడు సమీపగ్రామములలోని కూలివర్గముల మగవారి నందఱను పిలిచి పని చేయింపవచ్చును, రానివారు శిక్షార్హులు, వచ్చినవారికి కూలి చెల్లింపవలెను.

ఈ చట్టమును తొందరపడి నిందింపరాదు. గోదావరికి వరద వచ్చినప్పుడు లంకగ్రామమువాడు ఇసుకబస్తా మోయుట ఇతరుల లాభము కొఱకు కాదు, తన యిల్లు నిలుపుకొనుటకే. వరద, అగ్ని, భూకంపము వంటి ఆపదలలో చేయించు పనిని తరువాతి కాలమున అంతర్జాతీయ ఒప్పందము సైతము నిర్బంధ శ్రమగా లెక్కింపలేదు. అయినను చట్టము కూలివర్గములవారి నని మాత్రమే చెప్పుటను గమనింపుడు. గట్టు తెగినచో మునుగునది కూలివాని గుడిసె మాత్రమే కాదు, కామందు వరిచేను కూడ. కాని గంప యెత్తవలసినవాడు మాత్రము కూలివాడే!

దీని వెనువెంట, 1859లో, పదమూడవ చట్టము వచ్చినది. పనివాని ఒప్పంద భంగ చట్టమని దాని పేరు. మన కథలో ఇది ముఖ్యమైన మలుపు. పనికి ముందుగా సొమ్ము పుచ్చుకొని పని చేయక వెడలిపోయినవానిని యజమాని మేజిస్ట్రేటు నెదుటికి తెప్పింపవచ్చును. సొమ్ము తిరిగి యిమ్మనియో, పని పూర్తి చేయుమనియో మేజిస్ట్రేటు ఉత్తరువు చేయును. ఆ యుత్తరువును మీఱినచో మూడు నెలల వఱకు చెఱసాల. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరముల కొఱకు చేయబడిన యీ చట్టము క్రమముగా ఇతర ప్రాంతములకును విస్తరింపజేయబడెను. 1843లో యజమాని చేతినుండి జాఱిన పగ్గము పదునాఱేండ్లలో మఱియొక రూపమున అతని చేతికే వచ్చినది. మనుష్యుని కొనరాదు, కాని మనుష్యునికి ముందుసొమ్ము ఇయ్యవచ్చును! ఇతరుల బాకీ సివిలు వ్యాజ్యము. కూలివాని బాకీ నేరము.

పల్లెలో పాలేరును పట్టియుంచుటకు మేజిస్ట్రేటు కూడ అక్కఱ లేదు. ఇంటి పద్దు చాలును. ఉదాహరణమున కొకని స్థితిని ఊహింతము. కూతురి పెండ్లికి కామందు నొద్ద ఒకడు నూఱు రూపాయలు తెచ్చెననుకొందము. అది తీఱువఱకు ఆ యింటనే పని చేయునట్లు నోటిమాట. జీతపుగింజలు తిండికే చాలవు. జ్వరముతో పడుకొన్న దినములు పద్దున చేరును. విఱిగిన నాగలికఱ్ఱు వెల చేరును. వానకాలమున తెచ్చిన కుంచెడు బియ్యము చేరును. పద్దు వ్రాయువా డొకడు, చదువనేరనివా డొకడు. తండ్రికి ముసలితనము వచ్చునప్పటికి పన్నెండేండ్ల కొడుకు పశువుల వెంట నడచును. అప్పు తెచ్చినవాడు తండ్రి, తీర్చువాడు కొడుకు. ఇచ్చట కొరడా లేదు, ఇనుపసంకెల లేదు. పాలేర్లలో పెక్కుమంది నాడు అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన కులములవారు గనుక, ఈ పద్దును ప్రశ్నించుటకు పంచాయతీలో కూర్చుండు అర్హతయు వారికి లేకుండెను.

ఇట్టి పద్దులను తప్పించుకొనదలచినవారికి రంగూను దారి కనబడినది. కాకినాడ రేవునుండి స్టీమరులమీద గోదావరి డెల్టా కూలీలు వేలకొలది బర్మాకు పోయిరి. వరికోతలయందును, బియ్యపు మిల్లులయందును, రంగూను రేవునందును వారు పనిచేసిరి. అచ్చటను వారు కోరంగీలే. ప్రయాణపు ఖర్చును ముందుగా పెట్టినవాడు మేస్త్రి. కూలి లెక్క వ్రాయువాడును మేస్త్రియే. కామందు పద్దు తప్పినది, మేస్త్రి పద్దు తగులుకొన్నది. 1941 డిసెంబరులో రంగూనుమీద జపానువారి బాంబులు పడగా, అనేకులు కట్టుబట్టలతో అడవులబడి నడచి స్వదేశము చేరిరి. దారిలో మరణించినవారును పెక్కుమంది.

గోదావరి యెగువన మన్యప్రాంతమున వెట్టి మఱియొక వేషము ధరించెను. అచ్చట పని చేయించినది కామందు కాదు, సాక్షాత్తు సర్కారు నౌకరులే. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను ఘాటురోడ్ల పనులకు గిరిజనులను చాలీచాలని కూలికి, పలుమాఱు కూలి లేకయే పట్టించెనని నాడు తీవ్రమైన ఫిర్యాదులు వచ్చినవి. అల్లూరి సీతారామరాజు నడపిన పోరాటమునకు గల కారణములలో ఇది యొకటి. 1922 ఆగష్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలమీద అతని దళము వరుసగా దాడి చేసినది. 1924 మే 7వ తేదీని అతడు చంపబడెను. చట్టమును కాపాడవలసినవారే వెట్టి పట్టినప్పుడు బీదవాడు ఎవరితో మొఱపెట్టుకొనును? ఈ ప్రశ్న మన్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. ఆసియా, ఆఫ్రికా ఖండములలోని వలసరాజ్యము లన్నింటను అదే ప్రశ్న మ్రోగుచుండెను.

దానికి సమాధానముగా అంతర్జాతీయ ప్రయత్నము లారంభమైనవి. నానాజాతి సమితి 1926 సెప్టెంబరు 25వ తేదీని బానిసత్వ నిషేధ ఒప్పందమును ఆమోదించినది. 1919లో స్థాపింపబడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 జూనులో జినీవాలో నిర్బంధ శ్రమను గూర్చిన ఇరువదితొమ్మిదవ ఒప్పందమును ఆమోదించెను. అది 1932 మే 1వ తేదీని అమలులోనికి వచ్చినది. ఆ ఒప్పందము నిర్బంధ శ్రమ యననేమో తేల్చిచెప్పినది. ఏదైన శిక్ష కలుగునను బెదిరింపుచే చేయించునదియు, చేయువాడు తన యిష్టముచే పూనుకొననిదియు నగు పని నిర్బంధ శ్రమ. సైనికసేవ, సామాన్య పౌరధర్మములు, కోర్టు విధించిన శిక్షలో భాగమగు పని, ఆపత్కాలపు పని, గ్రామస్థులు తమ గ్రామము కొఱకు చేసికొను చిల్లరపనులు మాత్రమే దానినుండి మినహాయింపబడినవి.

ఈ నిర్వచనమునందు ఇష్టము అను మాట యున్నది గదా! మన పాలేరు ఇష్టపడియే అప్పు తెచ్చెను, ఇష్టపడియే పనిలో చేరెను. అట్లయిన నది వెట్టి యెట్లగును? ఇక్కడనే చట్టము చిరకాలము తడబడినది. ప్రవేశించునప్పటి యిష్టమును చూచినదే గాని, వెడలిపోవునప్పటి యిష్టమును చూడలేదు.

ఐనను మార్పు మెల్లమెల్లగా వచ్చుచుండెను. 1859 నాటి చట్టము 1925లో రద్దు చేయబడినది. అప్పు క్రింద పిల్లల శ్రమను తాకట్టుపెట్టు ఒప్పందములు చెల్లవని 1933లో ఇంకొక చట్టము వచ్చినది. విశాఖ మన్యమున గొత్తి యను పేరుతో నున్న ఋణబంధమును తొలగించుటకు మద్రాసు ప్రభుత్వము 1940లో రెగ్యులేషను చేసినది. చట్టసభల వెలుపల సాహిత్యమును పనిచేయుచుండెను. రాజోలు తాలూకా మామిడికుదురున 1911లో జన్మించిన బోయి భీమన్నగారు పాలేరు అను నాటకమును రచించిరి. అందు పాలేరు కుఱ్ఱవాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరగును. పద్దు చదువనేరనివాని కుమారుడు చదువుకొనుటయే ఆ పద్దునుండి విముక్తికి మార్గమని ఆ కథ చూపినది.

1948 డిసెంబరు 3వ తేదీని రాజ్యాంగసభ వెట్టిని, మనుష్యులతోడి వ్యాపారమును నిషేధించు అధికరణమును ఆమోదించెను. 1950 జనవరి 26 నుండి అది ఇరువదిమూడవ అధికరణమై మన ప్రాథమిక హక్కులలో నిలిచినది. ప్రభుత్వము చేయించు వెట్టిని మాత్రమే గాక, ఏ వ్యక్తి చేయించు వెట్టినైనను అది నిషేధించుచున్నది. రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుడైన డాక్టరు అంబేద్కరు పేరనే 2022లో కోనసీమ జిల్లా వెలసినది. జినీవా ఒప్పందమును భారతదేశము 1954 నవంబరు 30వ తేదీని అంగీకరించినది. 1957 నాటి నూటయైదవ ఒప్పందమును 2000వ సంవత్సరమున అంగీకరించినది.

రాజ్యాంగమున వ్రాసినంతమాత్రమున పద్దు చెఱుగదు. దానిని చెఱిపినది మొదట చెప్పిన 1976వ సంవత్సరపు చట్టము. 1975 అక్టోబరు 25 నుండియే అది అమలులో నున్నట్లు భావింపబడినది. వెట్టి నిర్మూలింపబడినదనియు, ఆ మూలముగా నుండిన ఋణము లన్నియు రద్దనియు, తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి యియ్యవలెననియు అది శాసించినది. వెట్టి చేయించినవానికి మూడేండ్ల వఱకు ఖైదు, రెండువేల రూపాయల వఱకు జుల్మానా. జిల్లాకును, సబుడివిజనుకును విజిలెన్సు సంఘము లేర్పఱుపవలెను. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఫలానా అప్పు వెట్టి మూలమైనదని పనివాడు చెప్పినచో, అట్లు కాదని ఋజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే. అంతవఱకు పద్దు కామందు చేతిలో నుండి పాలేరు నోరు మూయించినది; ఈ చట్టముతో ఆ పద్దుకు కామందే సమాధానము చెప్పవలసిన వాడయ్యెను.

1982లో సుప్రీముకోర్టు ఇంకొక యడుగు వేసినది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణములయందు పనిచేసిన కూలీల కేసున న్యాయమూర్తి భగవతిగారు తీర్పు చెప్పుచు, కనీసవేతనమునకు తక్కువగా ఇచ్చి చేయించుకొను పని కూడ ఇరువదిమూడవ అధికరణము నిషేధించిన నిర్బంధ శ్రమయే యనిరి. కొరడాయే కాదు, ఆకలియు నిర్బంధమే యని ఆ తీర్పు సారము. పాలేరు ఇష్టపడి చేరెను గదా యను పాతవాదమునకు అది సమాధానము.

ఇంతటితో కథ ముగిసినదా? కోనసీమనుండి ఓడలు పోవుట మానినవి గాని విమానములు పోవుచున్నవి. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి కువైటు, ఒమాను మున్నగు దేశములకు ఇండ్లపనికి పోయిన స్త్రీలు అనేకులు. వారు పంపిన సొమ్ముతో ఇండ్లు లేచినవి, పిల్లలు చదువుకొనిరి, దీనిని మఱువరాదు. కాని వీసా కొఱకు వడ్డీకి తెచ్చిన అప్పు, దళారి చేతిలోని కాగితము, పనిలో చేరిన తోడనే యజమాని పుచ్చుకొను పాసుపోర్టు, ఇవి మూడును ఒక్కచోట చేరినప్పుడు కోరంగి ఓడయు, మేస్త్రి పద్దును మనకు స్మరణకు వచ్చును.

వీనిని గూర్చియు చట్టములు కలవు. 1983 నాటి వలసల చట్టము రిక్రూటింగు ఏజెంట్లను అదుపులో నుంచుటకు చేయబడినది. ముప్పదియేండ్లు నిండని స్త్రీలను గల్ఫుదేశములకు ఇండ్లపనికి పంపరాదని ప్రభుత్వము నియమము పెట్టినది. దానిని తప్పించుటకు దళారులు సందర్శకుల వీసాలమీద పంపుటయు జరిగినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో గృహకార్మికుల కొఱకు నూటయెనుబదితొమ్మిదవ ఒప్పందమును, 2014లో 1930 నాటి ఒప్పందమునకు అనుబంధమును ఆమోదించినది. ఆ యనుబంధము పనిలో చేర్చుకొను దశలో జరుగు మోసములను అరికట్టవలెనని స్పష్టముగా చెప్పినది. కువైటు 2015లో గృహకార్మికుల చట్టము చేసి, దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొకదినము సెలవు ఈయవలెననియు, యజమాని పాసుపోర్టు నుంచుకొనరాదనియు శాసించెను. మన చట్టము ప్రకారము పాసుపోర్టు భారతప్రభుత్వపు సొత్తు. దానిని దాచుకొనుటకు ఏ యజమానికిని అధికారము లేదు.

చట్టము లన్నియు వచ్చినవి, ఒక్కొక్కటి ఒక్కొక్క తలుపు మూసినది. అప్పు మాత్రము వేఱొక తలుపు వెదకికొనుచున్నది. కావున చట్టమును గ్రంథమున చదివిన చాలదు. మనయూర, మనవీథిని దానిని వాడవలెను. అందుకు పెద్ద చదువు అక్కఱ లేదు. ఇటుకబట్టీలో గాని, రొయ్యలచెరువుమీద గాని, పరదేశములోని ఇంటిలో గాని పనిచేయువారిని గూర్చి మనము విన్నప్పుడు, నీవు ఇష్టపడియే చేరితివా యని అడుగుటతో ఆగరాదు. ఆ ప్రశ్నకు పాలేరు అవుననియే చెప్పెను, ఓడ యెక్కినవాడును అవుననియే చెప్పెను. రేపు ప్రొద్దున నీవు వెళ్లిపోదలచినచో వెళ్లగలవా యని అడుగవలెను. ఆ మాటకు బదులు చెప్పక అతడు తలవంచుకొన్నచో, ఆ సంగతి తహసీలుదారునకో, కలెక్టరునకో తెలియజేయుట మన పని.